కొండదారిలో సైకిలు, వెంట కుక్క

కొండల్లో, అడవుల్లో, రోడ్డు లేని సన్నని మట్టిబాటల మీద లావు టైర్ల సైకిలు తొక్కడాన్ని మౌంటెన్ బైకింగ్ అంటారు. ఆ సవారీకి పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లడం అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, స్కాట్లండ్, వేల్స్ కొండల్లో, న్యూజిలాండులో బాగా అలవాటైన పని. ఇలా వెంట వచ్చే కుక్కకు అక్కడ ‘ట్రెయిల్ డాగ్’ అని పేరు. సరదాగా కనిపించే ఈ అలవాటులో పశువైద్యం, శిక్షణ, వన్యప్రాణుల రక్షణ, చట్టం అన్నీ కలిసి ఉన్నాయి. వీటిలో కుక్క క్షేమం గురించి జరిగే వాదాలకు మూలం ఒక్కటే: వేగాన్ని నిర్ణయించేది మనిషి, ఆ వేగాన్ని ఒంటితో మోసేది కుక్క. ఒళ్లు అలిసిన సంగతి కుక్కకు తెలుస్తుంది. కానీ తన మనిషి మలుపు తిరిగి కనుమరుగవుతుంటే ఆగిపోవడం దాని స్వభావంలో లేదు. అందుకే ఎప్పుడు ఆగాలన్న లెక్క పూర్తిగా సైకిలు తొక్కే మనిషి చేతుల్లోనే ఉంటుంది.

చక్రాల వెంట కుక్క పరుగు సైకిలు కన్నా పాతది. ఇంగ్లండులో సంపన్నుల గుర్రపు బగ్గీలకు తోడుగా డాల్మేషన్ కుక్కలు చాలా దూరం పరుగెత్తేవి. బండికి కాపలాగా ఉండటం, దారిలో వేరే కుక్కలు గుర్రాలను బెదిరించకుండా చూడటం వాటి పని. సైకిలు వచ్చిన కొత్తలో మాత్రం కుక్కకూ సైకిలుకూ పడేది కాదు. తరుముకొచ్చే కుక్కల నుంచి కాపాడుకోవడానికని 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులో సైకిలిస్టుల కోసం ‘వెలో-డాగ్’ అనే చిన్న జేబు రివాల్వరునే తయారు చేశారు. ఆ వైరం పోయి స్నేహం కుదిరింది కొండబాటల మీదే. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, తమల్‌పైస్ కొండ చుట్టూ, 1970లలో కొందరు యువకులు పాత బరువు సైకిళ్లను బాగుచేసుకుని మట్టిదారుల్లో దూకించడం మొదలుపెట్టారు. 1976లో అక్కడ ‘రీప్యాక్’ అనే దిగుడు పందెం మొదలైంది. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారు చేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’‌తో మౌంటెన్ బైకు పెద్ద ఎత్తున మార్కెట్లోకి వచ్చింది. కార్లు తిరగని దారి, ఊరికి దూరంగా ఒకటి రెండు గంటల తిరుగుడు, కొండ దగ్గర నివాసం, ఇవన్నీ కుదిరిన చోట ఇంటి కుక్కను వదిలి వెళ్లడమే కష్టమయింది.

దీనికి సమాంతరంగా మరో దారి స్కాండినేవియా నుంచి వచ్చింది. మంచు మీద స్కీలు వేసుకున్న మనిషిని కుక్క లాగే ‘స్కీజోరింగ్’ అక్కడ పాత ఆట. మంచు లేని నెలల్లో అదే పద్ధతిని సైకిలుకు మార్చగా ‘బైక్‌జోరింగ్’ అయింది. ఇందులో కుక్క ముందు పరుగెడుతుంది. ఛాతీని, భుజాలను ఒత్తకుండా కుట్టిన లాగుడు హార్నెస్‌ను సాగే తాడుతో సైకిలు ముందుభాగానికి కలుపుతారు. తాడు జారి ముందు చక్రంలో పడకుండా హ్యాండిల్ దగ్గర ఒక కడ్డీ ఉంటుంది. కుక్క, మనిషి ఇద్దరూ కష్టపడే ఈ ఆటకు స్లెడ్ కుక్కల అంతర్జాతీయ సమాఖ్య ఆధ్వర్యంలో మంచు లేని నేల మీద జరిగే ప్రపంచ పోటీలూ ఉన్నాయి. ట్రెయిల్ డాగ్ సంగతి వేరు. అది లాగదు, చాలాసార్లు దానికి తాడే ఉండదు, పందెం నియమాలూ ఉండవు. పోటీల్లో వాతావరణాన్ని చూసి దూరం తగ్గించే నిర్వాహకులు, పశువైద్యులు ఉంటారు. ఇంటి కుక్కకు ఆ కాపలా ఏదీ లేదు. ప్రమాదాలు ఈ రెండో రకంలోనే ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

ముందుగా కుక్క ఒంటి బలాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. దీర్ఘ శ్రమలో కుక్కతో పోటీపడగల జంతువులు తక్కువ. ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌ను కొలిస్తే, మేటి పరుగు వీరుల్లో అది కిలో బరువుకు నిమిషానికి 80 నుంచి 90 మిల్లీలీటర్లు ఉంటుంది. సాధన చేసిన స్లెడ్ కుక్కల్లో 200 దాకా వెళుతుంది. అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ పందెంలో కుక్కల జట్లు దాదాపు 1,600 కిలోమీటర్లు దాటుతాయి. ఇప్పటి విజేతలు ఆ దూరాన్ని సాధారణంగా పది రోజుల్లోపే ముగిస్తున్నారు. ‘మా కుక్క ఎంత దూరమైనా పరుగెడుతుంది’ అనే మాటలో కొంత నిజం ఉన్నది ఇందుకే. అయితే ఆ ఘనత అంతా గడ్డకట్టే చలిలో సాధించినది. నెలల తరబడి సాధన చేసిన కుక్కలవి, తినే తిండి కూడా ఆ శ్రమకు సరిపడా కొవ్వుతో నిండినది. వారమంతా సోఫా మీద పడుకుని ఆదివారం పొద్దున్నే ఇరవై కిలోమీటర్లు పరుగెత్తే కుక్కకు ఆ లెక్క వర్తించదు. సాధన లేని కుక్కను ఒక్కసారిగా అలా పరుగెత్తిస్తే కండరాలు దెబ్బతిని, వాటిలోంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలను చెడగొట్టే పరిస్థితి కూడా రావచ్చు.

అసలు హద్దు గీసేది వేడి. మనిషి ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల మెత్తల్లోనే ఉన్నాయి, వాటితో చల్లబడేది అతిస్వల్పం. రొప్పుతూ నాలుక, నోరు, ముక్కు లోపలి తడిని ఆవిరి చేయడమే దానికున్న ముఖ్య మార్గం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరీ సరిగా జరగదు. మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే కుక్క ఒంటివేడి గట్టి పరుగులో 41 దాకా చేరడం అరుదేమీ కాదు. ఆగి నీళ్లు తాగితే దిగిపోతుంది కూడా. దిగకుండా ఇంకా పెరుగుతూ పోతే పేగులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు వరుసగా దెబ్బతింటాయి, రక్తం గడ్డకట్టే తీరు తప్పుతుంది. అదే వడదెబ్బ.

వడదెబ్బ అనగానే కారులో బంధించిన కుక్క గుర్తుకొస్తుంది. బ్రిటన్‌లో తొమ్మిది లక్షలకు పైగా కుక్కల 2016 నాటి వైద్య రికార్డులను పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని తిరగరాసింది. అక్కడ నమోదైన వడదెబ్బల్లో దాదాపు నాలుగింట మూడొంతులు శ్రమ వల్ల వచ్చినవే. కారులో చిక్కుకుని వచ్చినవి ఇరవైలో ఒకటి మాత్రమే. వడదెబ్బ తగిలిన కుక్కల్లో ఏడింట ఒకటి చనిపోయింది. బ్రిటన్ లాంటి చల్లని దేశంలో తేలిన లెక్కలివి. 2018లో అక్కడే క్రాస్‌కంట్రీ పరుగుల్లో పాల్గొన్న కుక్కల ఒంటివేడిని కొలిచి చూస్తే వేగంగా పరుగెత్తినవి, మగవి, ముదురు రంగు బొచ్చు ఉన్నవి ఎక్కువ వేడెక్కాయి.

ముంచుకొచ్చే వడదెబ్బను ముందే గుర్తుపట్టవచ్చు. నాలుక వెడల్పై చివర గరిటెలా విచ్చుకోవడం, లాలాజలం చిక్కబడి తీగలు సాగడం, చిగుళ్లు ఇటుక రంగుకు తిరగడం, ఎప్పుడూ ముందుండే కుక్క వెనకబడటం, నీడ కనిపిస్తే చాలు పడుకోబోవడం మొదటి సూచనలు. వాంతి, తూలుడు, పిలిచినా పలకకపోవడం దాకా వస్తే పరిస్థితి చేయిదాటుతోందని అర్థం. అప్పుడు ముందు చల్లబరచాలి, తరువాతే ఆసుపత్రికి తరలించాలి. చన్నీళ్లు పోస్తే రక్తనాళాలు ముడుచుకుపోయి ప్రమాదమనీ, గోరువెచ్చని నీళ్లే వాడాలనీ చాలాకాలం చెప్పారు. ఇటీవలి పరిశోధనలు దాన్ని సమర్థించడం లేదు. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కను దగ్గర్లోని వాగులోనో చెరువులోనో తల మాత్రం పైకి పట్టుకుని ముంచవచ్చు. ముసలిదైతే, పొట్టి ముక్కుదైతే నీళ్లు పోస్తూ విసరాలి. తడి గుడ్డ కప్పి అలా వదిలేస్తే మాత్రం వేడి లోపలే ఉండిపోతుంది.

దిగుడు దారి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సైకిలు తొక్కేవారు ఎక్కువగా పొరబడేది అక్కడే. కుక్క తనంతట తాను హాయిగా సాగించగల తేలిక పరుగు గంటకు 10 నుంచి 15 కిలోమీటర్లు. ఎక్కుడు దారిలో సైకిలు వేగం సాధారణంగా అంతకన్నా తక్కువే, కాబట్టి కుక్క అటూ ఇటూ వాసన చూస్తూ, పొదల్లో దూరి వస్తూ సుఖంగా సాగుతుంది. చెమటలు కక్కేది మనిషి. కొండ నెత్తికి చేరి సైకిలు దిగుడుకు తిరగగానే ఇద్దరి పాత్రలూ తారుమారవుతాయి. మనిషి పెడలు తొక్కడం ఆపేస్తాడు, చక్రాలు గంటకు 25, 30 కిలోమీటర్లకు చేరతాయి, కుక్క చచ్చేంత జోరుగా పరుగెత్తాల్సి వస్తుంది. ఎక్కుడులో అప్పటికే వేడెక్కిన ఒంటితో అది ఈ పరుగు తీస్తుంది. దిగుతున్నప్పుడు ప్రతి దూకుకూ బరువంతా ముందు కాళ్ల మణికట్ల మీద, భుజాల మీద పడుతుంది. మనిషికి గాలి తగిలి చల్లగా ఉంటుంది గనుక కుక్క వేడి అతనికి తోచదు. నెమ్మదిగా దిగే, మలుపు మలుపుకూ ఆగే సైకిలిస్టు వెంట కుక్క పదేళ్లు నిక్షేపంగా పరుగెడుతుంది. దిగుడులో సమయం లెక్కపెట్టుకునేవారు కుక్కను ఇంట్లో వదిలి వెళ్లడమే దాని మీద చూపే ప్రేమ.

మోటారు సాయంతో నడిచే ఈ-బైకులు వచ్చాక ఎక్కుడులో దొరికే ఆ కాస్త విరామం కూడా పోయింది. యూరప్‌లో మామూలు ఈ-బైకుకు గంటకు 25 కిలోమీటర్ల దాకా, అమెరికాలో మొదటి తరగతి ఈ-బైకుకు 20 మైళ్ల దాకా మోటారు తోడుంటుంది. ఇదివరకు కాళ్ల నొప్పి మనిషి వేగానికి పగ్గం వేసేది. మోటారు దాన్ని తీసేసింది. కుక్కకు మాత్రం ఏ మోటారూ లేదు. ఈ-బైకు వెంట కుక్కను తెచ్చేవారు మోటారును అతితక్కువ స్థాయిలో ఉంచి, కుక్క తేలిక పరుగుకు మించకుండా తొక్కాలి.

ఇక సైకిలే చేసే గాయాలు. కుక్క చక్రం పక్కన మరీ దగ్గరగా వస్తే డిస్క్ బ్రేకు రోటర్ కత్తిలా కోస్తుంది. పలచని ఉక్కుతో చేసిన ఆ పళ్లెం దిగుడులో కాలిపోతూ కూడా ఉంటుంది. కాలి వెనకవైపు స్నాయువు తెగిన కుక్క మళ్లీ మునుపటిలా పరుగెత్తడం కష్టం. చువ్వల్లో కాలు ఇరుక్కోవడం, చైను పళ్ల కింద తోక పడటం, దూకుడు గుట్ట మీంచి గాల్లోకి లేచిన సైకిలు సరిగ్గా కుక్క మీద దిగడం, ఇవన్నీ జరుగుతున్నవే. కుక్క చక్రానికి అడ్డుపడి మనిషి మెడ విరిగే ప్రమాదమూ అంతే నిజం. అందుకే సన్నని బాటలో కుక్క స్థానం వెనక చక్రానికి ఒకటి రెండు బారల వెనక అన్నది అనుభవజ్ఞులు ఎక్కువగా ఒప్పుకునే పద్ధతి. ఈ అమరికలోనూ ఒక లోపం ఉంది: వెనక ఉన్న కుక్క ఎంత అలిసిందో కనబడదు. ఎక్కుడులో ముందు, దిగుడులో వెనక నడిపేవారు ఈ లోపాన్ని చాలావరకు తప్పించుకుంటారు. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు కుక్క ముందు, ఒకరు వెనక ఉండటం అన్నిటికన్నా మేలు.

తాడును హ్యాండిల్‌కు కట్టడం మాత్రం ఎక్కడా పనికిరాదు. కుక్క ఒక్కసారి పక్కకు గుంజితే ముందు చక్రం తిరిగిపోతుంది. సీటు గొట్టానికి బిగించే స్ప్రింగు కడ్డీలు ఈ గుంజుడును తట్టుకుంటాయి. అవి వెడల్పైన మట్టిరోడ్డుకు బాగుంటాయి గానీ, చెట్ల నడుమ రెండడుగుల బాటలో కుక్కకు చోటే ఉండదు.

ఏ కుక్క పనికొస్తుందన్న ప్రశ్నకు జాతి పేరు సగం జవాబే. 15 నుంచి 30 కిలోల మధ్య బరువుండి, పొడుగు కాళ్లు, లోతైన ఛాతీ, మామూలు పొడవు ముక్కు ఉన్న కుక్కలు సాధారణంగా అనువైనవి. బోర్డర్ కోలీ, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్, విజ్‌లా, జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, వాటి సంకరాలు ట్రెయిల్ డాగ్‌లుగా ఎక్కువ కనిపిస్తాయి. మందలు కాసే జాతులకు తిరిగే చక్రాన్ని, కదిలే మడమను కరవబోయే గుణం ఉంటుంది. వేట జాతులు కుందేలు వాసన తగిలితే పిలుపు వినవు. హస్కీ బలంగా పరుగెత్తేదే అయినా తాడు లేకుండా వదిలితే తిరిగొస్తుందన్న నమ్మకం తక్కువ. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల లాంటి పొట్టి ముక్కు జాతులను ఈ పనికి తేనే కూడదు, వాటి శ్వాసమార్గమే ఇరుకు. లాబ్రడార్‌లలో కొన్నిటికి డీఎన్‌ఎం1 అనే జన్యువులో మార్పు ఉంటుంది. తీవ్రంగా పరుగెత్తిన ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడిపోతాయి. చాలావరకు కోలుకున్నా కొన్ని చనిపోతాయి. ఈ జన్యు కారణం 2008లో బయటపడింది, పరీక్షా అందుబాటులో ఉంది. బోర్డర్ కోలీల్లోనూ ఇలాంటి మరో రుగ్మత ఉంది.

వయసు సంగతి ఇంకా ముఖ్యం. కూనల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మృదులాస్థి భాగం గట్టిపడే దాకా ఏకధాటి పరుగు, దూకుళ్లు వద్దని పశువైద్యులు చెబుతారు. మధ్యరకం కుక్కల్లో అది సుమారు ఏడాదికి, పెద్ద జాతుల్లో ఏడాదిన్నరకు పూర్తవుతుంది. ముసలితనంలో కీళ్లవాతం సవారీ రోజు బయటపడదు. ఉత్సాహంలో కుక్క నొప్పిని మరిచిపోతుంది. మరుసటి పొద్దున లేవడానికి బిగుసుకోవడం, మెట్లు ఎక్కడానికి వెనకాడటం చూసి దూరం తగ్గించాలి. ఇంకా వెంట తీసుకెళ్లాలన్న కోరిక ఉన్నవారు వెడల్పు దారుల్లో సైకిలు వెనక లాగే ట్రైలరులో ముసలి కుక్కను కూర్చోబెడతారు. చిన్న జాతులను వీపుసంచిలో మోస్తారు. ఊబకాయపు కుక్కను సన్నబరచడానికి సైకిలు వెంట పరుగెత్తించడం తలకిందుల పని: ముందు తిండి, నడకలతో బరువు తగ్గాలి, తరువాతే పరుగు.

శిక్షణ సైకిలు ఎక్కకముందే మొదలవుతుంది. నిలబెట్టిన సైకిలు పక్కన కుక్కకు తిండి పెట్టడం, తరువాత సైకిలు నడిపిస్తూ పక్కన నడవడం, ఆ తరువాత మైదానంలో నెమ్మదిగా తొక్కడం, ఈ క్రమంలో చక్రమంటే భయం గానీ మోజు గానీ లేకుండా పోవాలి. మూడు మాటలు రాయిలా కుదరాలి: రమ్మంటే ఎక్కడున్నా రావడం, ఆగమంటే ఉన్నచోటే నిలవడం, వెనక్కి అంటే చక్రం వెనక్కి చేరడం. లేడిని చూసిన క్షణంలో కూడా పిలిస్తే తిరిగి రాని కుక్క తాడు లేకుండా అడవిలోకి వెళ్లడానికి సిద్ధం కానట్టే. ఎదురుగా మనుషులో గుర్రాలో వస్తే సైకిలు దిగి, కుక్కను పక్కకు పట్టుకుని దారి ఇవ్వాలి. దూరాన్ని రెండు మూడు కిలోమీటర్ల నుంచి వారవారం కొద్దికొద్దిగా పెంచితే కండరాలతో పాటు పాదాల మెత్తలూ గట్టిపడతాయి. ఈ రెండోది మరిచిపోతారు. యూటా రాష్ట్రంలోని మోయాబ్ లాంటి చోట ఇసుకరాతి నేల గరుకుకాగితంలా మెత్తలను అరగదీస్తుంది. బూట్లు కొంత కాపాడతాయి గానీ, ముందే అలవాటు చేయకపోతే అవే పుళ్లు చేస్తాయి.

సంచిలో మొట్టమొదట ఉండాల్సినవి కుక్క వంతు నీళ్లు. దారిలో నీళ్లు దొరుకుతాయిలే అనుకోవడం అన్నిచోట్లా క్షేమం కాదు. నిలవ నీటిలో ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్, జంతువుల మలం నుంచి జియార్డియా లాంటి జబ్బులు అంటుకుంటాయి. పచ్చగా తెట్టు కట్టిన నీటిలోని నీలి-ఆకుపచ్చ శైవలాల విషం గంటల్లో ప్రాణం తీస్తుంది. అమెరికాలోని జయాన్ జాతీయ పార్కులో 2020 జులైలో వర్జిన్ నదిలో ఆడిన ఒక కుక్కపిల్ల ఈ విషంతోనే చనిపోయింది. సైకిలు తొక్కేవారి జేబుల్లోని తిళ్లూ కుక్కకు విషం కావచ్చు: ఎండుద్రాక్ష, చాక్లెట్, కెఫీన్ కలిపిన జెల్‌లు, చక్కెరకు బదులు జైలిటాల్ వేసిన బిళ్లలు. మనిషి నొప్పిమాత్రలైన ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కుక్కకు ఇవ్వకూడదు. తిండి బయల్దేరడానికి కొన్ని గంటల ముందే పెట్టాలి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో శస్త్రచికిత్స చేయకపోతే ప్రాణాంతకం. కాలు తెగితే కట్టడానికి తనకు తానే అతుక్కునే కట్టు, ముల్లు తీసే పట్టకారు, నడవలేని కుక్కను భుజానికి ఎత్తుకునే పట్టీ ఉంటే చాలు. ఇరవై అయిదు కిలోల కుక్కను ఆరు కిలోమీటర్లు మోసి, పక్కన సైకిలునూ ఎలా తేవాలో బయల్దేరే ముందే ఆలోచించుకోవాలి.

ఇంతవరకూ చెప్పినది కుక్క క్షేమం. అడవి క్షేమం వేరే ప్రశ్న. సైకిళ్లూ కుక్కలూ కలిసే చోట ఎక్కువ కోపతాపాలు దీని మీదే. కొలరాడోలోని బౌల్డర్ దగ్గర 2008లో వెలువడిన ఒక అధ్యయనం, కుక్కలను అనుమతించిన బాటలకు కనీసం వంద మీటర్ల దూరం వరకు లేళ్ల సంచారం తగ్గిందని, చిన్న జంతువులు యాభై మీటర్ల దాకా తప్పుకున్నాయని తేల్చింది. సిడ్నీ పరిసర అడవుల్లో 2007 నాటి ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. తాడుతో నడిపించిన కుక్కలు వెళ్లిన చోట పక్షి జాతుల సంఖ్య 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి. తాడు కడితే సమస్య తీరిపోతుందన్న వాదనకు ఇది గట్టి ఎదురు సాక్ష్యం. నేల మీద గూడు కట్టే పక్షులకు గుడ్ల కాలంలో కుక్క కనిపించడమే చాలు. మలం సంగతీ చిన్నది కాదు. బెల్జియంలో నగరం అంచు అడవుల్లో కుక్కల మలమూత్రాల ద్వారా ఏటా హెక్టారుకు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం నేలలో చేరుతున్నట్టు 2022లో లెక్కకట్టారు. అంత ఎరువుతో కలుపు పెరిగి అరుదైన మొక్కలు అణగిపోతాయి.

వ్యాధుల వైపు నుంచీ హాని ఉంది. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో సింహాల్లో మూడోవంతు డిస్టెంపర్ వైరస్‌తో చనిపోయాయి, చుట్టుపక్కల ఊళ్లలోని కుక్కలతో దానికి సంబంధం కనుగొన్నారు. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నిటిలో అదే వైరస్ బయటపడింది. అడవి అంచుకు తీసుకెళ్లే కుక్కకు డిస్టెంపర్, పార్వో, రేబిస్ టీకాలు కాలం దాటకుండా వేయించడం ఇందుకే తప్పనిసరి. జంతువులు కుక్క మీదికి రావడమూ ఉంది. ఉత్తర అమెరికాలో వదిలిన కుక్క ఎలుగును మొరిగి రెచ్చగొట్టి, అది తరిమితే నేరుగా యజమాని దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

చట్టాలు దేశానికో తీరు. అమెరికా జాతీయ పార్కుల్లో కుక్క ఆరడుగులకు మించని తాడుతోనే ఉండాలి, చాలా బాటల్లో అసలు అనుమతే లేదు. ‘వైల్డర్‌నెస్’గా ప్రకటించిన ప్రాంతాల్లో సైకిలుకే ప్రవేశం లేదు. కాబట్టి సైకిలుకూ కుక్కకూ కలిపి చోటున్నది ఎక్కువగా జాతీయ అడవుల్లో, ప్రభుత్వ బయలు భూముల్లో, ఊరి పార్కుల్లో. బౌల్డర్ నగరం 2006 నుంచి ఒక మధ్యేమార్గం నడుపుతోంది: మాటకు, చూపుకు లొంగి ఉండే కుక్కను నిర్ణీత బాటల్లో తాడు లేకుండా తిప్పవచ్చు, దానికి యజమాని పేరు నమోదు చేసుకుని బిళ్ల కట్టాలి. తాడా, వదిలెయ్యడమా అన్న తగవును శిక్షణ ప్రశ్నగా మార్చిన ఈ పద్ధతి చాలా నగరాలకు పాఠంగా పనికొస్తుంది. ఇంగ్లండు, వేల్సుల్లో 1968 చట్టం సైకిళ్లకు బ్రిడిల్‌వేల (గుర్రపు బాటల) మీద హక్కు ఇచ్చింది. 2000 నాటి చట్టం తెరిచిన బయలు భూముల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా, పశువుల దగ్గర ఎప్పుడూ, కుక్కను రెండు మీటర్ల తాడులోపే ఉంచాలంటుంది. జర్మనీ ట్రాఫిక్ నియమాల్లో మోటారు వాహనం నుంచి జంతువులను నడిపించడం నిషిద్ధం, సైకిలు నుంచి మాత్రం కుక్కను, కుక్కను మాత్రమే, నడిపించవచ్చు. లిఫ్టులతో కొండెక్కించే బైకు పార్కుల్లో సాధారణంగా కుక్కలను రానివ్వరు, ఆ దిగుడు వేగాల్లో అది న్యాయమే.

తెలుగు నేల మీద హైదరాబాదు దగ్గరి అనంతగిరి కొండలు, విశాఖ చుట్టుపక్కల తూర్పు కనుమలు మౌంటెన్ బైకులకు అలవాటవుతున్నాయి. ఇక్కడ కుక్కను వెంట తీసుకెళ్లడానికి ఏడాదిలో దొరికే కాలం చిన్నది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న నేలలో వేసవి సవారీకి కుక్కను తేవడం ప్రాణంతో ఆట. దక్కన్ పీఠభూమి మీద మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజాములు, లంబసింగి లాంటి మన్యపు చలి చోట్లు అనువైనవి. విశాఖ తీరంలో ఉష్ణోగ్రత తక్కువే అనిపించినా ఉక్కపోత వల్ల రొప్పుడు పనిచేయదు, అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం. నగరాల్లో మోజుపడి పెంచుతున్న హస్కీల దట్టమైన బొచ్చు సైబీరియా కోసం పుట్టినది. పొట్టి బొచ్చు, సన్నని ఒళ్లు ఉన్న నాటు కుక్క ఈ వాతావరణానికి ఎంతో మెరుగు, దానికీ ఎండ హద్దు ఉందన్నది మరవకూడదు. టైర్లను, కుక్క పాదాలను ఒకే తీరున పొడిచే పల్లేరుకాయ ఇక్కడి బీళ్లలోనే కాదు, అమెరికా పశ్చిమ ఎడారుల్లోనూ సైకిలిస్టులకు పెద్ద బెడద.

ఇక్కడి కొండల్లో చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. శేషాచలం లాంటి చిరుతలున్న చోట మసక వెలుతురులో కుక్క వెంట ఉండటం రక్షణ కాదు, ఆకర్షణ. ఉద్దానం వైపు ఎలుగుబంట్లూ ఉన్నాయి. కంబాలకొండ లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. ఊరి పొలిమేరల్లో వీధికుక్కల గుంపులు కొత్త కుక్కను చూస్తే కమ్ముకుంటాయి. అప్పుడు సైకిలు దిగి దాన్ని అడ్డం పెట్టుకుని నడవాలి, తొక్కి పారిపోతే గుంపు ఇంకా తరుముతుంది. కరిస్తే, టీకాలు వేసిన కుక్కకైనా గాయాన్ని సబ్బునీటితో కడిగి మళ్లీ రేబిస్ టీకాలు వేయించాలి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియోసిస్ ఇక్కడ సర్వసాధారణం, ఇంటికి రాగానే చెవులు, వేళ్ల సందులు వెతకాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ మనుషులకు వాడే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది. అయితే అన్ని పశువుల ఆసుపత్రుల్లోనూ అది నిల్వ ఉండదు. తిరుపతిలో, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. సవారీ చేయబోయే కొండకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో, ఆదివారం పొద్దున తలుపు తీస్తారో లేదో ముందురోజే ఫోను చేసి కనుక్కోవాలి.